ఎల్సీ తీసుకోని మనిషి

2019 వానాకాలంలో నేను వనపర్తి నుంచి ఆత్మకూరు వెళ్లే దారిలోని ఒక సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. విద్యుత్ శాఖలో సెక్షన్ అంటే కొన్ని గ్రామాలు, వాటికి కరెంటు పంపే సబ్‌స్టేషన్, ఆ ఊళ్ల స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాటిని చూసుకునే లైన్‌మెన్లు. వీటన్నిటికీ సెక్షన్ ఇంజనీరు బాధ్యుడు. అతని పైన సబ్‌డివిజన్‌లో ఏడీఈ, ఆ పైన వనపర్తిలో డీఈ. కింద ఏది చెడిపోయినా, పైనుంచి ఏ ఆదేశం వచ్చినా ముందు ఆ కుర్చీకే తగులుతుంది.

ఆ సబ్‌స్టేషన్‌లో యాదగిరి ఆపరేటరు. గత వేసవిలో జబ్బు చేసి చనిపోయాడు. కర్మ రోజు వాళ్ల ఊరికి వెళ్లాను. పందిరి కింద కూర్చున్న మా శాఖ వాళ్లలో ఇద్దరు ముగ్గురు నేనిప్పుడు రాయబోతున్న సంగతి చెప్పుకున్నారు. చెప్పిన ప్రతిసారీ అది కొంచెం పెద్దదైంది. చివర చెప్పినాయన కథలో యాదగిరి జనాన్ని ఒంటిచేత్తో ఆపాడు, ఒకరి ప్రాణం తానే పసిగట్టి కాపాడాడు. యాదగిరి అలాంటి మాటలు వింటే నవ్వేవాడు కాదు, చిరాకుపడేవాడు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు ఎల్సీ అంటే ఏమిటో చెప్పాలి. లైన్ క్లియర్ అనే మాటకు అది మా పొట్టి పేరు. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే పదకొండు వేల వోల్టుల లైను మీద, మేం ఫీడరు అనేదాని మీద, పని చేయాలంటే లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్సీ అడుగుతాడు. ఆపరేటరు కంట్రోల్ రూములో ఉండే పెద్ద స్విచ్‌ను, అంటే ఆ ఫీడరు బ్రేకరును, ఆపి, బయట యార్డులో స్విచ్ తెరిచి, తాళం వేసి, మనుషులు పనిచేస్తున్నారన్న బోర్డు తగిలించి, ఒక నంబరు చెబుతాడు. లైన్‌మన్ తన దగ్గర లైనును భూమికి కలిపి, అప్పుడు స్తంభం ఎక్కుతాడు. పని అయ్యాక మనుషులను దింపి, సామాను తీసేసి, అదే నంబరు చెప్పి ఎల్సీ వాపసు ఇస్తాడు. తీసుకున్న మనిషే వాపసు ఇవ్వాలి. అతని తరఫున అన్న చెప్పినా, నేను చెప్పినా, మంత్రి చెప్పినా చెల్లదు. వాపసు వచ్చిన తరువాత ఆపరేటరు ఫీడరును చార్జ్ చేస్తాడు, అంటే మళ్లీ కరెంటు వదులుతాడు. మా ఉద్యోగంలో ఎన్నో నియమాలను వంచి వాడుకున్నాం. దీన్ని మాత్రం ఎవరూ వంచేవారు కాదు, ఎందుకంటే దీన్ని వంచినచోట శవం లేచింది.

అయితే ఈ నియమం ఎల్సీ తీసుకున్న మనిషి కోసం రాసింది. మా పల్లెల్లో ఇంకో మనిషి ఉంటాడు. పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజు పోతుంది. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే రేపు వస్తానంటాడు. అతనికి నాలుగు ఊళ్లు. ట్రాన్స్‌ఫార్మర్‌ను లైను నుంచి విడదీసే స్విచ్ ఒకటి అక్కడే స్తంభానికి ఉంటుంది కానీ చాలాచోట్ల అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, లాగినా రాదు. అందుకని రైతు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎవరో ఎక్కడో ఎల్సీ తీసుకున్నప్పుడు ఫీడరంతా చచ్చి ఉంటుంది కదా, ఆ సమయం చూసుకుని తన ట్రాన్స్‌ఫార్మర్ తానే ఎక్కి ఫ్యూజు వేసుకుంటాడు. ఒకరి పెళ్లి పందిట్లో ఇంకొకరు పిల్లవాడి పుట్టువెంట్రుకలు తీయించుకున్నట్టు. ఇది తప్పని వాళ్లకు తెలుసు. మాకూ తెలుసు. ఎవరూ ఎవరికీ చెప్పుకునేవాళ్లం కాదు.

ఆ ఏడు దీనికి ఇంకొకటి తోడైంది. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో ప్రజలకు ముందే తెలపాలని పైనుంచి ఆదేశం వచ్చింది. మంచి ఆదేశమే. ప్రతి ఊరికీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, ఫలానా ఫీడరు ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా ఆగుతుందని రాసేవాళ్లం, కింద సబ్‌స్టేషన్ ఫోన్ నంబరుతో సహా. జనం సంతోషించారు. ఇదివరకు కరెంటు పోతే తిట్టేవారు, ఇప్పుడు చెప్పి తీస్తున్నారు అన్నారు. ఆ గ్రూపుల్లో ఊళ్లో ఉన్నవాళ్లే కాదు, హైదరాబాదుకూ ముంబైకీ కూలికి పోయినవాళ్లు కూడా ఉండేవారు. ఊరి సంగతులు తెలుస్తాయని చేరేవారు.

ఆగస్టు నెల. వానలు మొదట ఆశ పెట్టి తరువాత ముఖం చాటేశాయి. బోర్ల కింద వరినాట్లు వేసినవాళ్లు వేశారు. మళ్లలో నీళ్లు ఇంకిపోయి నెర్రెలు మొదలయ్యాయి. ఆ పరిస్థితిలో ఒక ఫీడరు మీద స్తంభం ఒరిగింది. అది పడితే రోజుల తరబడి కరెంటు ఉండదు కాబట్టి ఆ రోజే మార్చాలని నిర్ణయించాను. పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండు దాకా సరఫరా ఉండదని గ్రూపుల్లో పెట్టించాం. లైన్‌మన్ కుర్మయ్య ఎల్సీ తీసుకున్నాడు. నేను కాసేపు పని దగ్గర ఉండి సబ్‌స్టేషన్‌కు వచ్చేశాను.

అక్కడికి వచ్చేసరికి గేటు లోపల వేపచెట్టు కింద పది పదిహేను మంది రైతులు చేరి ఉన్నారు. ఎండిపోతున్న పొలం దగ్గర కూర్చోలేక ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. వాళ్లలో గట్టిగా మాట్లాడేది చెన్నయ్య. ఐదెకరాల బోరు వ్యవసాయం, పార్టీలో తిరుగుడు, ఎప్పుడూ చేతిలో ఫోను. చెడ్డవాడు కాదు. తనకు తెలియని విషయం ఉండకూడదనుకునే మనిషి.

అప్పటికి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు మొదలై ఏడాదిన్నర దాటింది. దాని మీద చెట్టు కింద వాదన సాగుతోంది.

“ఇరవైనాలుగు గంటలిస్తే ఏమొచ్చింది? బోర్ల నీళ్లన్నీ గుంజి పారేసినం. తొమ్మిది గంటలున్నప్పుడే నయముండె,” అన్నాడు ఒక పెద్దాయన.

“నీకేం తాత, నీ బోరు రోడ్డు పక్కనున్నది. నడిజాము రాత్రి పామునూ తేలునూ తొక్కుకుంట మోటరెయ్య పోయినోన్ని అడుగు,” అన్నాడు చెన్నయ్య.

“మరి దినమంత కరంటున్నంక నీ మోటరుకు ఆ ఆటోస్టార్టరు ఎందుకురా? అది తీసెయ్యిమని సారు ఎన్నిసార్లు జెప్పిండు.”

“ముందు నీది తియ్యి, ఎంటనే నాది తీస్త.”

అందరూ నవ్వారు. ఆటోస్టార్టరు అంటే కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే చిన్న పెట్టె. రైతుకు సుఖం. కానీ కరెంటు వచ్చిన క్షణంలో ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ఆ దెబ్బకు ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యూజులు పోతాయి. ఫ్యూజు పోతే మళ్లీ ఎవరో ఒకరు ఎక్కాలి. తీసేయమని ఊరూరా తిరిగి చెప్పాం. ఎవరూ తీయలేదు. అందరూ తీస్తే అందరికీ మేలు, ఒక్కడే తీస్తే ఆ ఒక్కడికే నష్టం. ఇలాంటి లెక్కను ఉపన్యాసంతో మార్చలేమని నాకు అక్కడే అర్థమైంది.

పని అనుకున్నదానికంటే ముందే, పన్నెండు దాటాక అయిపోయింది. కుర్మయ్య ఫోన్ చేసి నంబరు చెప్పి ఎల్సీ వాపసు ఇచ్చాడు. యాదగిరి నంబరు సరిచూసుకున్నాడు. మనుషులు దిగారా, ఎర్తు తీశారా అని పద్ధతి ప్రకారం అడిగాడు, జవాబు తీసుకున్నాడు. ముందే అయిందన్న సంతోషంలో కుర్మయ్య గ్రూపులోనూ పెట్టేశాడు: పని పూర్తయింది, ఐదు నిమిషాల్లో సరఫరా. చెట్టు కింద ఫోన్లు టింగుమన్నాయి. చెన్నయ్య గట్టిగా చదివి వినిపించాడు. కొందరు లేచి బండ్ల వైపు నడిచారు.

యాదగిరి యార్డులోకి పోయి బోర్డు తీసి, తాళం విప్పి, స్విచ్ వేసి వచ్చాడు. ఇక కంట్రోల్ రూములో బ్రేకరు తిప్పడమే మిగిలింది. అప్పుడు నా పక్కన బల్ల మీది ఫోను మోగింది. అతను ఎత్తి, విని, రిసీవరు నాకిచ్చాడు. ఎవరో ఆడమనిషి ఏడుస్తున్నదని చెప్పాడు.

“సారూ, కరంటు ఇయ్యకుండ్రి సారూ. మా ఆయన ట్రాన్స్‌ఫారం ఎక్కిండు.”

ఎవరమ్మా, ఏ ఊరని అడిగాను. పేరు మణెమ్మ. ఊరు ఈ ఫీడరు మీదిదే. మాట్లాడుతున్నది మాత్రం హైదరాబాదు నుంచి, ఒక అపార్ట్‌మెంటు కట్టే చోట కూలిపని చేస్తున్నది. మొగుడు గోవిందు సాగు కోసం ఊళ్లో ఉన్నాడు. కొంతసేపటి కింద ఫోన్ చేశాడట.

“రెండింటిదాంక కరంటు లేదంట, ఎక్కి ఫ్యూజు ఏస్త అన్నడు. వద్దన్న సారూ. కుర్మన్నను పిల్వుమన్న. నీకేం తెల్వదు ఊకో అని ఫోన్ పెట్టేసిండు. గిప్పుడు గ్రూపుల అయిదు నిమిషాలల్ల ఇస్తమని వచ్చింది. ఫోన్ జేస్తుంటే పోతున్నది గానీ ఎత్తుతలేడు. మీ నంబరు దాంట్లనే ఉంటే చేసిన.”

ఏ ట్రాన్స్‌ఫార్మర్ అని అడిగాను. అది ఆమెకు తెలియదు. సొంత భూమి వాగు వైపు, కౌలుకు పట్టింది ఊరికి ఇంకో కొసన, చెరువు కింద. రెండింటిలో దేన్ని గురించి చెప్పాడో ఆమె అడగలేదు. ఎత్తుకునేవరకు చేస్తూనే ఉండమని చెప్పి, ఆమె నంబరు తీసుకుని ఫోను పెట్టాను.

యాదగిరి బ్రేకరు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆగు అన్నాను. అక్కడ అతను అన్న మాటలు పందిరి కింద ఎవరూ చెప్పలేదు.

“సార్, ఎల్సీ వాపసొచ్చింది. రూలు ప్రకారం ఇయ్యాలె. ఎవరో ఫోన్ జేసిండ్రని ఆపితే రేప్పొద్దున కాయితం నా మీదికొస్తది, మీ మీదికి గాదు. నేను ఆర్టిజన్ను.”

అతను చెప్పింది నిజం. ఆర్టిజన్ అంటే కాంట్రాక్టు నుంచి శాఖలోకి తీసుకున్న కార్మికుడు. ఆ ఉద్యోగం ఎంత గట్టిదో అప్పటికింకా ఎవరికీ సరిగ్గా తెలియదు. నేను ఆపమన్నానని నా చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అతను దాన్ని చదివి, బల్ల మీద పెట్టి, నేను బయటికి రాగానే కంట్రోల్ రూము గ్రిల్‌కు లోపలి నుంచి తాళం వేశాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కుర్మయ్యకు ఫోన్ చేసి చెరువు వైపు పంపాను. ఇంకో లైన్‌మన్‌ను వాగు వైపు పంపాను. తరువాత చెట్టు దగ్గరికి పోయి, ఒక మనిషి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నాడని కబురు వచ్చింది, దొరికేవరకు కరెంటు ఇవ్వనని రైతులకు చెప్పాను.

“ఎవరు సార్ ఆ మనిషి?”

గోవిందు అని చెప్పాను. మణెమ్మ భర్త.

“ఆ మణెమ్మ పట్నంలనే ఉన్నది గదా! పట్నంల కూసున్నామెకు ఈడ ఎవరు ఏ స్తంభమెక్కిండో ఎట్ల కనవడ్డది సార్? సీసీ కెమెరా పెట్టిందా?” అన్నాడు చెన్నయ్య. కొందరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

“మొగడు ఫోనెత్తకుంటే పరేషానైంది ఆడిమనిషి. వాడు యాడనో చెట్టు కింద పండుకున్నడు. దానికోసం ఊరి నాట్లన్నీ ఎండవెడతరా?”

నేను మళ్లీ అదే చెప్పాను. మీలో ఎవరి దగ్గర గోవిందు నంబరుంటే చేయండి, ఎవరి పొలం దగ్గర మనుషులుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీదికి చూడమనండి అన్నాను. ఒకరిద్దరు ఫోన్లు తీశారు. మిగిలినవాళ్లు నా ముఖం చూస్తూ ఉండిపోయారు. చెన్నయ్య తన ఫోనులో గ్రూపుకు గొంతు సందేశం పంపుతున్నాడు, అందరికీ వినబడేలా. “ఎల్సీ అయిపోయినా సారు కరంటు ఇస్తలేడు. ఎందుకో తెల్వదు. అందరు సబ్‌స్టేషన్ కాడికి రాండ్రి.”

వచ్చారు. బండ్ల మీద ఇద్దరు ముగ్గురు చొప్పున. గేటు దగ్గర గుంపు పెరిగింది. కొత్తగా వచ్చినవాళ్లకు గోవిందు సంగతి తెలియదు, కరెంటు ఆపారన్నదే తెలుసు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. చెప్పేకొద్దీ నా మాట నాకే బలహీనంగా వినిపించింది. నా దగ్గర ఉన్నది ఎన్నో మైళ్ల దూరం నుంచి వచ్చిన ఒక గొంతు, అంతే.

ముందు వాగు వైపు నుంచి ఫోన్ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎవరూ లేరు. కొంతసేపటికి చెరువు కింది నుంచి కుర్మయ్య చేశాడు. ఇక్కడా లేడు సార్, మోటారు గుడిసెకు తాళం ఉంది, పిలిచాను, పలకలేదు అన్నాడు. పక్కన నిలబడినవాళ్లు ఆ మాటలు విన్నారు. గుంపులోకి అది క్షణంలో పాకింది.

“ఐపాయె గదా సార్! రెండుతాన లేడు. ఇంకేం కావాలె?”

“గింత కథ పడ్డందుకు మా మళ్లల్ల నీళ్లు మీరు పోస్తరా?”

ఏడీఈకి ఎవరో అప్పటికే ఫోన్ చేశారు. ఆయన నాకు చేశాడు. ఎల్సీ వాపసు వచ్చిందా అని అడిగాడు. వచ్చిందన్నాను. చూడమన్న రెండు చోట్లా చూశారా అన్నాడు. చూశారన్నాను. అయితే ఇంకా ఏ ఆధారంతో ఆపుతున్నారని అడిగాడు. ఆయన కోపంగా మాట్లాడలేదు. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరి కోసం ఫీడరు ఆపడం మొదలుపెడితే రేపు ఏ ఫీడరూ నడవదు, మనది నియమాల మీద నడిచే శాఖ అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంకొంచెం సమయం ఇవ్వండి, మణెమ్మతో మరోసారి మాట్లాడతానని చెప్పి పెట్టేశాను.

మణెమ్మ మొదటి మోతకే ఎత్తింది. రెండు చోట్లా లేడని చెప్పాను. ఇంకెక్కడికైనా పోయే అలవాటుందా అని అడిగాను.

“ఆయనకు పట్నంల వైరింగు పని జేసిన ఎరుక ఉన్నది సారూ. ఊర్ల ఎవ్వరు పిలిస్తే వాళ్లది ఎక్కుతడు. వద్దంటె ఇనడు. ఎవ్వరిది ఎక్కిండో నాకెట్ల తెలుస్తది?” అని ఒక్క క్షణం ఆగింది. “ఇంగ ఫోన్ పోతనే ఉన్నది సారూ. ఎత్తుతలేడు. చెట్టు కింద పండుకున్నోడు గిన్నిసార్లు మోగితె లేవడా?”

ఆ మాటే నాకు ఆధారమైంది. ఆధారమని ఎవరికీ చూపగలిగింది కాదు. ఎక్కేవాళ్లు అంగీ విప్పి, ఫోను అందులోనే పెట్టి, కింద ఏ కంపకో తగిలించి ఎక్కుతారు. అది నేను ఎన్నోసార్లు చూశాను. ఇక వెతకవలసింది రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కాదు, ఆ ఊరి చుట్టూ ఉన్నవన్నీ. నా దగ్గర ఉన్న మనుషులతో అది అప్పుడే అయ్యే పని కాదు.

గేటు దగ్గరికి వెళ్లి, ఇవ్వనని చెప్పాను. కారణం కూడా చెప్పాను. గుంపు ముందుకు తోసుకుంది. కొందరు కంట్రోల్ రూము మెట్లెక్కారు. లోపల యాదగిరి బ్రేకరుకు వీపు ఆనించి నిలబడ్డాడు. తెరువుమంటూ గ్రిల్ ఊపారు. వాళ్లలో ఒకడు, మా శాఖలో కొన్నాళ్లు మీటర్లు చదివినవాడు, బ్రేకరు తిప్పుడు నాకొస్తది, తాళం తియ్యి అన్నాడు. యాదగిరి చెన్నయ్యతో, వాళ్లు ఒకే బడిలో చదువుకున్నవాళ్లు, ఇలా అన్నాడు: “చెన్నిగా, కాయితం సారుది, ఆపింది సారు. నన్ను కొడితె నువ్వే కొట్టాలె, వీళ్లతోని గాదు.”

చెన్నయ్య ఏదో అనబోయాడు. అతని ఫోను మోగింది. విసుగ్గా ఎత్తాడు. అవతలిది భార్య, పొలం దగ్గర ఉంది. ఫోను ఎప్పుడూ స్పీకరు మీద పెట్టి మాట్లాడడం అతని అలవాటు. మెట్ల మీద ఉన్నవాళ్లందరికీ వినబడింది.

“కరంటు ఎప్పుడొస్తదంట? తొందరజేపియ్యకు. గోవిందు మన ట్రాన్స్‌ఫారం మీదున్నడు, ఫ్యూజు ఏస్తుండు. వాగుకు పోతుంటె నేనే పిల్సిన, మనది పొద్దుగాల్నే పోయె గదా. రెండింటిదాంక రాదు గదా అని నిమ్మళంగ జేస్తుండు.”

గ్రిల్ పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదిలాయి. చెన్నయ్య ఫోనులోకి, దించు, దిగుమను, దిగుమనవే అని అరిచాడు. ఆమె ఏమైందని అడుగుతోంది. అతను అదే మాట అంటున్నాడు. పెద్దాయన ఫోను అతని చేతిలోంచి తీసుకుని, నిదానంగా చెప్పాడు. “బిడ్డా, గోవిందును కిందికి దిగుమను. దిగినంక వానితోని మాట్లాడియ్యి. వాని గొంతు మేం వినాలె.”

మేమంతా నిలబడి విన్నాం. ఆమె పిలవడం వినబడింది, గట్టు మీద నడుస్తున్నట్టు శ్వాస వినబడింది. దూరం నుంచి ఒక మగ గొంతు, ఇంకొక్క తీగనే ఉన్నది, ఆగమను అంటున్నది. ఆమె తిట్టింది. చాలాసేపటికి గోవిందు ఫోను దగ్గరికి వచ్చాడు. నేను తీసుకుని నువ్వేనా అని అడిగాను.

“నేనే సార్. ఇంక జరసేపైతె అయిపోతుండె,” అన్నాడు. అతని గొంతులో భయం లేదు. పని మధ్యలో దింపారన్న విసుగు ఉంది. పక్కన ఇంకెవరైనా ఎక్కారా అని అడిగాను. తనకు తెలియదన్నాడు.

అప్పుడు నేనేమీ చెప్పకుండానే చెట్టు కింది వాళ్లందరూ ఫోన్లు తీశారు. ఎవరి పొలానికి వాళ్లు చేశారు. ఊరి పంచాయతీ మైకులో కూడా చెప్పించాం. ఇంకో రైతు తమ్ముడు ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎక్కబోతూ దొరికాడు. కుర్మయ్య చెన్నయ్య పొలం దగ్గరికి వెళ్లి, అంతా సరిగ్గా ఉందని చెప్పాక, యాదగిరికి తల ఊపాను. అతను బ్రేకరు తిప్పాడు. మోటార్లన్నీ ఒక్కసారే లేచాయి. ఆంపియర్ల మీటరు ముల్లు కొసకు పోయి వెనక్కి వచ్చింది.

మణెమ్మకు నేనే ఫోన్ చేశాను. దిగాడని చెప్పగానే సరే సారూ అని పెట్టేసింది. మేస్త్రి పిలుస్తున్న కేక వినబడింది.

మర్నాడు చెన్నయ్య సెక్షన్ ఆఫీసుకు వచ్చాడు. ముందురోజు సంగతి ఎత్తలేదు. తన ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ బిగుసుకుపోయిందని ఎన్నోసార్లు చెప్పాననీ, అది లాగితే వచ్చేదైతే ఎవరూ ఎల్సీ కోసం కాచుకుని ఎక్కరనీ అన్నాడు. “మమ్ముల ఎక్కకుండ్రి అని జెప్తరు. ఎక్కకుంట ఎట్లనో జెప్పరు,” అన్నాడు. ఆ స్విచ్ మార్చాం. సామాను వచ్చినంత మేర మిగతావీ మార్చాం. అన్నీ మార్చేంత సామాను ఎప్పుడూ రాలేదు.

డివిజన్ ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. ఎల్సీ వాపసు వచ్చాక కూడా సరఫరా ఆలస్యం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని. జరిగింది రాసి పంపాను. దాని మీద ఏ చర్యా రాలేదు, ఏ మాటా రాలేదు. యాదగిరి పేరు అందులో లేదు.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది రెండు మాటల్లో చెప్పవచ్చు. మొదటిది, సమాచారం ఇవ్వడం మంచిదే కానీ, ఇచ్చిన సమాచారం మీద జనం తమ ప్రాణం పెడతారు. రెండింటి వరకు అని మేం రాస్తే అది మాకు అంచనా, స్తంభం ఎక్కేవాడికి హామీ. ఆ తరువాత పని ముందే అయినా, చెప్పిన సమయానికి ముందు ఎప్పుడూ చార్జ్ చేయించలేదు. దానికి తిట్లు తిన్నాను. చేసే ముందు ప్రతి ఊరిలో మైకు చెప్పించాను. రెండోది యాదగిరి అన్నది. ఆ సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు, నేను ఇచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు.

“ఈసారి ఫోన్ జేసింది సార్ ఆమె. గిన్నేండ్లల్ల ఎవ్వరు ఫోన్ చెయ్యని దినాలెన్నో ఉండె. అన్ని దినాలు నేను చార్జ్ జేసిన.”

నియమం అడిగినవాడిని కాపాడుతుంది. అడగనివాడు కూడా లైను మీద ఉంటాడని అనుకుని పని చేయాలి. నేనున్నంత కాలం ఆ సెక్షన్‌లో అలాగే నడిచింది. ఇప్పుడెలా నడుస్తున్నదో నాకు తెలియదు.